ట్యాంక్ నిలబడాలంటే ఏ అంకె పెంచాలి?

ప్రశ్న: నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. విజయవాడ, తెనాలి, మంగళగిరిలలో ఉన్న స్నేహితులతో కలిసి పది మందిమి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ కాలపు ఆట ఆడుతున్నాం. నాది 80వ లెవెల్ ప్రొటెక్షన్ వారియర్, అంటే డాలు పట్టి రక్షణగా నిలిచే యోధుడు. నాక్స్‌రామస్ అనే కోటలో ప్యాచ్‌వెర్క్ అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర మూడు వారాలుగా ఆగిపోయాం. ప్రధాన ట్యాంక్‌గా, అంటే బాస్ దెబ్బలను తన మీదికి తీసుకునేవాడిగా, ఉన్న నేనే ప్రతిసారీ ముందు పడిపోతున్నాను. నా డిఫెన్స్ 535, దాని రేటింగ్ (గేర్ నుంచి వచ్చి డిఫెన్స్‌గా మారే అంకె) 664. హెల్త్ 28,000, ఆర్మర్ 22,000. మిస్ (శత్రువు గురి తప్పడం), డాడ్జ్ (పక్కకు తప్పుకోవడం), పారీ (ఆయుధంతో అడ్డుకోవడం) కలిపి 50 శాతం. గేర్‌లో, అంటే ధరించే కవచాలు, ఆయుధాలలో, పొదిగే ఆరు జెమ్‌లూ డాడ్జ్‌వే పెట్టాను. హెల్మెట్‌కు ఎన్‌చాంట్ (బలం పెంచే మంత్రం) ఇంకా లేదు, ఖర్చెక్కువని ఫ్లాస్క్ (కొంతసేపు బలమిచ్చే పానీయం) వాడడం లేదు. మా హీలర్ (దెబ్బతిన్నవారి హెల్త్ నింపేవాడు), పటమట అన్నయ్య, ఇంకా డాడ్జ్ పెంచమంటున్నాడు. తెనాలి స్నేహితుడు హెల్త్ పెంచే స్టామినా తప్ప మరొకటి ముట్టుకోవద్దంటున్నాడు. డిఫెన్స్ 535 చాలని ఇంకొకరు భరోసా ఇచ్చారు. నేనెవరి మాట వినాలి?

సమాధానం: మీరు అంకెలన్నీ రాసి పంపినందుకు ముందుగా కృతజ్ఞతలు. ఇలాంటి ప్రశ్న అడిగేవారిలో చాలామంది 'నా గేర్ బాగానే ఉంది, అయినా చనిపోతున్నాను' అని మాత్రమే రాస్తారు. దానికి జవాబు చెప్పడం నాడి చూడకుండా మందివ్వడంతో సమానం. మీ అంకెలను బట్టి చూస్తే మీరు చేయవలసిన పనుల వరుస స్పష్టంగానే ఉంది. మొదట డిఫెన్స్‌ను 540కి చేర్చండి. తరువాత, వరుసగా తగిలే మూడు దెబ్బలను హీల్ అందకపోయినా తట్టుకోగలిగేంతవరకు స్టామినా పెంచండి. అక్కడికి చేరిన తరువాతే డాడ్జ్ గురించి ఆలోచించండి. మీ స్నేహితులలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పలేదు కానీ, ముగ్గురూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు.

535 సంగతి ముందు చూద్దాం. మీకు ఆ మాట చెప్పినవారు హీరోయిక్ డంజన్లను (ఐదుగురు కలిసి ఆడే కఠినమైన స్థలాలను) దృష్టిలో పెట్టుకుని చెప్పి ఉంటారు, అక్కడికి అది నిజమే. శత్రువు మీ లెవెల్‌కు సమానమైతే అతని దెబ్బ క్రిట్, అంటే రెట్టింపు దెబ్బ, అయ్యే అవకాశం 5 శాతం. అతను ఒక్కొక్క లెవెల్ ఎక్కువైనకొద్దీ దానికి 0.2 శాతం కలుస్తుంది. హీరోయిక్ డంజన్ బాస్‌లు 82వ లెవెల్‌వారు కనుక వారికి 5.4 శాతం, నాక్స్‌రామస్ లాంటి రెయిడ్‌ల (పెద్ద బృందంతో చేసే పోరాటాల) బాస్‌లను ఆట 83వ లెవెల్‌గా లెక్కిస్తుంది కనుక వారికి 5.6 శాతం. 80వ లెవెల్‌లో మీకు సహజంగా ఉండే డిఫెన్స్ 400. ఆపైన సంపాదించే ఒక్కొక్క పాయింట్ ఆ అవకాశాన్ని 0.04 శాతం తగ్గిస్తుంది. 5.4 శాతాన్ని తుడిచివేయడానికి 135 పాయింట్లు కావాలి, 5.6 శాతానికి 140 కావాలి. 535కూ 540కీ ఉన్న తేడా ఇంతే.

ఐదు పాయింట్ల లోటు అంటే ఒక్కో దెబ్బకు 0.2 శాతం అవకాశం. వినడానికి అది లెక్కలోకి తీసుకోనవసరం లేనట్టు కనిపిస్తుంది. కానీ బాస్ రెండు సెకన్లకొకసారి చేయి విసురుతాడనుకుంటే, ఐదు నిమిషాల పోరాటంలో 150 సార్లు విసురుతాడు. ఆ 150లో కనీసం ఒక్కటి క్రిట్ అయ్యే అవకాశం దాదాపు 26 శాతం. అంటే, నాలుగు ప్రయత్నాలలో ఒకదానిలో మీ మీద రెట్టింపు దెబ్బ ఒకటి పడుతుందని ముందే రాసిపెట్టుకోవలసిందే. పైగా మిస్, డాడ్జ్, పారీ, బ్లాక్ (డాలుతో ఆపడం), క్రిట్ అన్నీ ఒకే పాచికతో తేలుతాయి కనుక, డాడ్జ్ మామూలుగా పెంచినంత మాత్రాన ఈ 0.2 శాతం తగ్గదు. పెరిగిన డాడ్జ్ మామూలు దెబ్బల వాటానే ముందుగా తింటుంది. క్రిట్‌ను తీసివేయడానికి మీ విషయంలో నమ్ముకోవలసింది డిఫెన్స్‌నే. డ్రూయిడ్ అనే మరో రకం పాత్రతో ట్యాంక్ చేసేవారికి ఈ పని ఒక టాలెంట్ (పాత్రకు ఎంచుకునే నైపుణ్యం) చేసిపెడుతుంది కాబట్టి వారి గేర్‌ను చూసి మీ గేర్ సర్దుకోకండి.

540కి కావలసిన రేటింగ్ 689. మీకు 25 తక్కువ. ఆటలోని ఆర్జెంట్ క్రూసేడ్ అనే వర్గం వారి దగ్గర మీ రెప్యుటేషన్ (మంచిపేరు) రివర్డ్ స్థాయికి చేరితే దొరికే హెల్మెట్ ఎన్‌చాంట్‌లో 37 స్టామినా, 20 డిఫెన్స్ రేటింగ్ ఉన్నాయి. అది పెట్టాక ఐదు మిగులుతుంది. ఎనిమిది డిఫెన్స్, పన్నెండు స్టామినా ఉన్న ఆకుపచ్చ జెమ్ ఒక్కటి ఆ ఐదును పూడుస్తుంది. రేటింగ్ 692 అవుతుంది. రెప్యుటేషన్ పూర్తికావడానికి ఇంకా రోజులు పడితే, ఆలోగా క్లోక్‌కు 16, షీల్డ్‌కు 20 డిఫెన్స్ ఇచ్చే ఎన్‌చాంట్లు తాత్కాలికంగా వేయించుకోండి. హెల్మెట్ పని పూర్తయ్యాక వాటిని మళ్లీ ఆర్మర్‌కు, స్టామినాకు మార్చుకోవచ్చు. 540 దాటిన తరువాత డిఫెన్స్ కోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టనవసరం లేదు. అదనంగా వచ్చినది వృథా కాదు కానీ, దాని విలువ అక్కడి నుంచి మామూలు తప్పించుకోవడం స్థాయికి పడిపోతుంది.

ఇప్పుడు పటమట అన్నయ్య, తెనాలి స్నేహితుడు వాదించుకునే అసలు విషయానికి వస్తాను. నేను విజయవాడ సత్యనారాయణపురంలో అద్దె గదిలో ఉన్న రోజుల్లో, మా బృందానికి ట్యాంక్‌గా ఆడుతూ, నేను పడిపోయిన ప్రతిసారీ చివరి పది సెకన్లలో ఏం జరిగిందో ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాడిని. నాకు ఈ ఆటలో తెలిసినదంతా ఆ పుస్తకం నేర్పినదే. అందులో దాదాపు ప్రతి పేజీలోనూ కనిపించినది ఒకే దృశ్యం: నాలుగు నిమిషాలపాటు అంతా సవ్యంగా సాగడం, తరువాత నాలుగైదు సెకన్లలో వరుసగా మూడు దెబ్బలు తగలడం, ఆ సమయంలో ఒక హీలర్ పక్కకు కదులుతూ ఉండడం, మరొకరి హీల్ సగంలో ఉండడం. ఆ నాలుగైదు సెకన్లను దాటగలమా లేదా అన్నదే ట్యాంక్ గేర్‌కు అసలు పరీక్ష అని నేను నమ్ముతాను. పోరాటం మొత్తానికి సగటున ఎంత నష్టం పడింది అన్నది హీలర్‌కు ముఖ్యమైన అంకె. మీ చావుకు దానితో సంబంధం తక్కువ.

లెక్క చూడండి. మీరు సగం దెబ్బలు తప్పించుకుంటున్నారు కనుక, ఏ మూడు వరుస దెబ్బలైనా మూడూ తగిలే అవకాశం సగంలో సగంలో సగం, అంటే 12.5 శాతం. 150 దెబ్బల పోరాటంలో అలాంటి వరుసలు సగటున 18 దాకా వస్తాయి. ఎంతో శ్రమపడి తప్పించుకోవడాన్ని 55 శాతానికి చేర్చారనుకుందాం. ఆ అవకాశం 9.1 శాతానికి తగ్గుతుంది, వరుసలు 13 దాకా వస్తాయి. తగ్గాయి, నిజమే. కానీ ప్రతి వరుసా మిమ్మల్ని చంపగలిగినదైనప్పుడు, 18 సార్లు చావుకు ఎదురు నిలవడానికీ 13 సార్లు ఎదురు నిలవడానికీ ఫలితంలో తేడా ఏముంటుంది? ఆ మూడు దెబ్బలకు మించిన ఓర్పు ఉంటే మాత్రం 18 సార్లు వచ్చినా మీరు నిలబడే ఉంటారు.

మన ప్రాంతం వారికి ఈ విషయం చెప్పడానికి ప్రకాశం బ్యారేజీ కంటే దగ్గరి ఉదాహరణ నాకు తోచదు. ఏడాది పొడవునా కృష్ణలో పారే నీటి సగటు తీసి ఆ సగటుకు సరిపడా గేట్లు పెట్టి ఉంటే, 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరదకు అది నిలిచేది కాదు. గేట్ల లెక్క ఎప్పుడూ గరిష్ఠ వరదతోనే కడతారు. మీ హెల్త్‌నూ, ఆర్మర్‌నూ అలాగే లెక్కకట్టాలి.

హెల్త్‌నూ ఆర్మర్‌నూ కలిపి చూసే పద్ధతి ఒకటుంది. కవచం తగ్గించక ముందు బాస్ మీ మీద ఎంత నష్టం కుమ్మరిస్తే మీరు పడిపోతారో ఆ మొత్తాన్ని ఆటగాళ్లు ఎఫెక్టివ్ హెల్త్ అంటారు. 83వ లెవెల్ బాస్ విషయంలో ఆర్మర్ తగ్గించే భాగం ఎంతో తెలుసుకోవాలంటే, మీ ఆర్మర్‌ను, మీ ఆర్మర్‌కు 16,635 కలిపిన మొత్తంతో భాగించాలి. 22,000ను 38,635తో భాగిస్తే 56.9 శాతం. మిగిలిన 43.1 శాతమే మీకు తగులుతుంది కనుక, మీ 28,000 హెల్త్ భౌతిక దెబ్బల ముందు దాదాపు 65,000గా పనిచేస్తుంది. ఆర్మర్ పెరిగినకొద్దీ శాతం నెమ్మదిగా పెరగడం చూసి, ఆర్మర్ విలువ పడిపోతోందని చాలామంది అనుకుంటారు. ఈ అపోహ ఎంతోమంది ట్యాంకుల చేత మంచి కవచాలను వదిలించింది కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: 75 శాతం అనే గరిష్ఠ హద్దు చేరేవరకు, ప్రతి ఆర్మర్ పాయింట్ అంతకు ముందు పాయింట్ ఇచ్చినంత ఎఫెక్టివ్ హెల్త్‌నే ఇస్తుంది. మీ విషయంలో అది పాయింట్‌కు 1.68. ఒక స్టామినా పాయింట్ పది హెల్త్ ఇస్తుంది కనుక, టాలెంట్లు, బఫ్‌లు (తోటివారు ఇచ్చే తాత్కాలిక బలాలు) పక్కనపెట్టినా, దాని విలువ 23.2. అంటే ఒక స్టామినా దాదాపు 14 ఆర్మర్‌కు సమానం. రెండు వస్తువుల మధ్య ఎటూ తేల్చుకోలేనప్పుడు ఈ 14ను గుర్తుపెట్టుకుంటే చాలు. క్లోక్ మీద 225 ఆర్మర్ వేయించడం 16 స్టామినా వేయించినట్టే అని వెంటనే తెలిసిపోతుంది. మీ హెల్త్, ఆర్మర్ మారినప్పుడు ఈ నిష్పత్తి కూడా కొద్దిగా మారుతుంది కాబట్టి, గేర్ గణనీయంగా మారినప్పుడు మరోసారి లెక్క కట్టుకోండి.

మీ పోరాటానికి ఈ లెక్కను అన్వయిద్దాం. కవచం తగ్గించాక మీకు తగిలే ఒక్కో దెబ్బ 10,000 అనుకుందాం. అసలు అంకె మీ కాంబాట్ లాగ్‌లో (ప్రతి దెబ్బనూ ఆట నమోదు చేసే జాబితాలో) దొరుకుతుంది, దానితో సరిచూసుకోండి. 28,000 హెల్త్‌తో మీరు మూడో దెబ్బకు పడిపోతారు. ఒకటి క్రిట్ అయితే రెండింటికే. మూడు దెబ్బల తరువాత కూడా నిలబడాలంటే 30,000 దాటాలి, అంటే మీకు రెండు వేలకు కొద్దిగా పైన కావాలి. హెల్మెట్ ఎన్‌చాంట్‌తో 370 హెల్త్, డాడ్జ్ జెమ్ ఒకటి తీసి ఆకుపచ్చ జెమ్ పెట్టడంతో 120, మిగిలిన ఐదు డాడ్జ్ జెమ్‌ల స్థానంలో 24 స్టామినా ఉన్న నీలం జెమ్‌లు పెట్టడంతో 1,200, స్టోన్‌బ్లడ్ ఫ్లాస్క్‌తో 1,300: మొత్తం 2,990. మీరు 30,990 దగ్గర ఉంటారు. ప్రొటెక్షన్ టాలెంట్లు, మీ మిత్రుల బఫ్‌లు దీనిని మరికొంత పెంచుతాయి. ఇందుకు మీరు వదులుకునేది దాదాపు రెండు శాతం డాడ్జ్ మాత్రమే. మెటా జెమ్ (హెల్మెట్‌లో పెట్టే ప్రత్యేక జెమ్) పనిచేయడానికి అడిగే రంగులు తప్పిపోకుండా చూసుకోండి. ఎరుపు తప్పనిసరైన చోట డాడ్జ్, స్టామినా కలిసిన ఊదా జెమ్ ఒకటి పెట్టుకుంటే సరిపోతుంది, దానితో పోయేది 120 హెల్త్ మాత్రమే.

ఫ్లాస్క్ ఖర్చు గురించి మీరు రాసినది నాకు అర్థమవుతుంది. అయినా మూడు వారాలుగా పది మంది శనివారం సాయంత్రాలు ఆ ఒక్క గదిలో గడిచిపోతున్నప్పుడు, ఖర్చును పది మందీ పంచుకోమని అడగడంలో మొహమాటపడకండి. ట్యాంక్ ఫ్లాస్క్ బృందం ఖర్చు.

డాడ్జ్ చెడ్డదని నేను చెప్పడం లేదు. పటమట అన్నయ్య మాట ఎప్పుడు నిజమవుతుందో కూడా చెప్పాలి. మీరు పడిపోయిన పోరాటం లాగ్ తెరిచి చివరి పది సెకన్లు చదవండి. నిండు హెల్త్ నుంచి రెండు మూడు దెబ్బలలో సున్నాకు చేరారా? అయితే లోటు స్టామినాలోనో, ఆర్మర్‌లోనో, డిఫెన్స్‌లోనో ఉంది. అలా కాక, నాలుగో నిమిషం నుంచి మీ హెల్త్ సగం దగ్గరే కొట్టుమిట్టాడుతూ, హీలర్ల మానా (మంత్రశక్తి) అడుగంటి, నెమ్మదిగా పడిపోయారా? అప్పుడు సగటు నష్టమే సమస్య, అక్కడ తప్పించుకోవడం నిజంగా ఆదుకుంటుంది. సగం దెబ్బలు తప్పించుకునే మనిషి ఇంకో ఒక శాతం తప్పించుకుంటే హీలర్ పని 2 శాతం తగ్గుతుంది. 60 శాతం దగ్గర ఆ ఒక్క శాతమే 2.5 శాతం పని తగ్గిస్తుంది. ఇలా విలువ పెరుగుతూ పోకుండా ఉండాలనే, గేర్ నుంచి వచ్చే డాడ్జ్, పారీలకు ఆట తయారుచేసినవారు తగ్గింపు సూత్రం పెట్టారు. వారియర్‌కు ఆ సూత్రంలో డాడ్జ్ పైహద్దు 88 శాతం దగ్గర, పారీ పైహద్దు 47 శాతం దగ్గర ఉన్నాయి కనుక, రెండింటిలో ఒకటి ఎంచుకోవలసి వచ్చినప్పుడు సాధారణంగా డాడ్జే మేలు. ముందుముందు ఐస్‌క్రౌన్ సిటాడెల్ అనే రెయిడ్‌కు వెళితే అక్కడ బాస్‌లు మీ డాడ్జ్‌ను ఏకంగా 20 శాతం తగ్గించివేస్తారు. ట్యాంకులు మరీ ఎక్కువగా తప్పించుకుంటూ ఉంటే, తగిలే కొద్ది దెబ్బలను మరీ పెద్దవిగా చేయవలసి వస్తుందన్నది అందులోని తర్కం.

బ్లాక్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అది దెబ్బలో ఒక స్థిరమైన అంకెను తీసివేస్తుంది: 3,000 దెబ్బలో 1,200 తీసేస్తే ఎంతో ఊరట, 15,000 దెబ్బలో అదే 1,200 తీసేస్తే ఎనిమిది శాతమే. చిన్న శత్రువులు గుంపుగా వచ్చే చోట దాని కోసం వేరే గేర్ సెట్ పెట్టుకోవచ్చు, ప్యాచ్‌వెర్క్ ముందు మాత్రం దానిని నమ్ముకోకండి.

ఆర్మర్‌కు ఉన్న ఒక పరిమితి మీరు ముందుకు వెళ్లినకొద్దీ ముఖ్యమవుతుంది. అది మంత్రపు దెబ్బలను ఏమాత్రం తగ్గించదు. అదే నాక్స్‌రామస్ చివర్లో సాఫిరాన్ అనే బాస్ వెదజల్లే చలికి మీ 22,000 ఆర్మర్ అడ్డు కాదు. అక్కడ స్టామినా, ఫ్రాస్ట్ రెసిస్టెన్స్ మాత్రమే పనిచేస్తాయి. ఆ 2024 వరదలోనే కృష్ణలంక రక్షణ గోడ నది వైపు నిలబడినప్పటికీ, బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. అక్కడ నష్టపోయినవారి బాధను ఆటతో పోల్చడం నా ఉద్దేశం కాదు. గోడ ఎంత గట్టిదైనా, నీరు వచ్చే దారి వేరైనప్పుడు అది కాపాడలేదన్న ఒక్క విషయం కోసమే ఆ మాట ఎత్తాను. అందుకే, ఆర్మర్‌కూ స్టామినాకూ నేను చెప్పిన 14 నిష్పత్తి భౌతిక దెబ్బలకే వర్తిస్తుందనీ, బాస్ ఎవరో తెలియనప్పుడు స్టామినా వైపు మొగ్గడమే క్షేమమనీ గుర్తుంచుకోండి.

మన ఊళ్ల నుంచి దూరదేశపు సర్వర్లలో ఆడేవారికి స్టామినా వైపు మొగ్గడానికి ఇంకొక కారణం కూడా ఉంది. మీకు తగిలిన దెబ్బ పటమటలో మీ హీలర్ తెరమీద కనిపించడానికీ, ఆయన నొక్కిన హీల్ సర్వర్‌కు చేరడానికీ పట్టే ఆలస్యం, హీల్ కాస్ట్ సమయానికి అదనం. ఒక దెబ్బను ఎక్కువగా ఓర్చుకోగలగడం అంటే ఆయనకు రెండు సెకన్లు కొనిపెట్టడమే. థండర్ క్లాప్ అనే మీ దాడిని టాలెంట్లతో పూర్తిగా బలపరచి బాస్ మీద ఎప్పుడూ ఉండేలా చూస్తే అతని చేతివేగం 20 శాతం తగ్గుతుంది. ఇది మీ గేర్ పేజీలో ఎక్కడా కనిపించని రక్షణ. అలాగే కొందరు బాస్‌లు మీ దెబ్బను పారీ చేసినప్పుడు వారి తరువాతి దెబ్బ తొందరగా వస్తుంది కనుక, మీ దెబ్బలు పారీ కావడాన్ని తగ్గించే ఎక్స్‌పర్టీజ్‌ను నేను రక్షణ కిందనే లెక్కిస్తాను. మీతో ఆడే ఇతర యోధులను బాస్ వెనక నిలబడమనండి. వెనక నుంచి వచ్చే దెబ్బను అతను పారీ చేయలేడు.

పాత వ్యాసాలు చదివేటప్పుడు అవి ఏ కాలానివో చూసుకోండి. 60వ లెవెల్ ఆటలో ఇదే డిఫెన్స్ హద్దు 440, 70వ లెవెల్‌లో 490. 2010లో వచ్చిన మార్పులతో డిఫెన్స్ అనే స్టాట్‌నే తీసివేశారు. మీకు పనికివచ్చే అంకె 540 ఒక్కటే.

ప్యాచ్‌వెర్క్ గురించి చివరిగా రెండు మాటలు. అతని హేట్‌ఫుల్ స్ట్రైక్ అనే పెద్ద దెబ్బ ప్రధాన ట్యాంక్‌ను వదిలి, దగ్గరలో థ్రెట్ (బాస్ ఎవరిని కొట్టాలో తేల్చే అంకె) ఎక్కువగా ఉన్నవారిలో హెల్త్ ఎక్కువ ఉన్నవారి మీద పడుతుంది. కనుక మీ రెండో ట్యాంక్ కూడా ఇదే లెక్కతో స్టామినా పెంచుకోవాలి, కత్తి పట్టిన మిగతా స్నేహితుల హెల్త్ ఆ ట్యాంక్ కంటే ఎప్పుడూ తక్కువగా ఉండాలి. ఇక ప్యాచ్‌వెర్క్ హెల్త్ చివరి 5 శాతానికి చేరగానే ఉగ్రుడై వేగంగా, బలంగా కొడతాడు. 12 సెకన్లపాటు నష్టాన్ని 60 శాతం తగ్గించే షీల్డ్ వాల్‌ను ఆ ఘట్టం కోసం దాచిపెట్టండి. అది మళ్లీ సిద్ధం కావడానికి ఐదు నిమిషాలు పడుతుంది కనుక మధ్యలో భయపడి వాడేస్తే చివర్లో చేతిలో ఉండదు. మధ్యలో ప్రమాదం వస్తే, కొంతసేపు హెల్త్ పెంచే లాస్ట్ స్టాండ్ వాడండి, అది మూడు నిమిషాలకు తిరిగి వస్తుంది. వచ్చే శనివారం గదిలోకి అడుగుపెట్టే ముందు క్యారెక్టర్ పేజీ తెరిచి డిఫెన్స్ 540, రేటింగ్ 692, హెల్త్ 30,000 పైన కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. ఆ తరువాత కూడా మీరే ముందు పడిపోతే, చివరి పది సెకన్ల లాగ్‌ను వరుస తప్పకుండా రాసి పంపండి, దానిని చూసి మళ్లీ జవాబిస్తాను.